శ్రీమతి భానుమతీ రామకృష్ణ : ఒక నటీమణి జీవితమునుండి నేర్వదగినది

గత సంవత్సరము మా పాఠశాల వార్షికోత్సవమునకై ఒక చిన్న నాటకమును సిద్ధపరచుచుండగా ఒక సంగతి జరిగెను. తొమ్మిదవ తరగతిలో చక్కగా పాడగల బాలిక యొకతె యుండెను. ఆమెకు రెండు పాటలుగల పాత్ర నిచ్చితిమి. నాలుగు దినములు అభ్యాసము జరిగిన పిమ్మట ఆమె తండ్రి పాఠశాలకు వచ్చెను. ఆయన కోపముతో వచ్చినవాడు కాడు. చేతులు కట్టుకొని నిలిచి, "అయ్యవారూ, మా పిల్లను చదువుకొననిండు. నాటకములు మాకు వద్దు. రేపు సంబంధములు చూచునప్పుడు, ఈ పిల్ల వేషము వేసినదని నలుగురు అన్నచో మేమేమి చెప్పుకొందుము?" అని యడిగెను. ఆ ప్రశ్నకు తగిన ప్రత్యుత్తరము ఆ క్షణమున మాకు తోచలేదు.

ఆయన భయము వట్టిది కాదు. తెరమీద పాడెడు స్త్రీని చూచి సంతోషించుటకు మనమందరము టిక్కెట్టు కొందుము. ఆమె మన యింటి పిల్లయైనచో మాత్రము తలవంపులని తలంతుము. కళను మెచ్చి కళాకారిణిని మెచ్చకుండుట మనలో చిరకాలముగా నున్న యలవాటు. ఈ యలవాటు బలముగానున్న దినములలోనే సినీమారంగమున ప్రవేశించి, ఏబది సంవత్సరములకు మించి పనిచేసి, తన మర్యాదకు లోపము రానీయక జీవించిన తెలుగు స్త్రీ శ్రీమతి భానుమతీ రామకృష్ణ. ఆ తండ్రికి అప్పుడు చెప్పలేకపోయిన మాటలను ఆమె చరిత్రమూలముగా ఇప్పుడు చెప్పుటకు ప్రయత్నించుచున్నాము.

భానుమతి 1925వ సంవత్సరము సెప్టెంబరు 7వ తేదీన దొడ్డవరము గ్రామమున జన్మించెను. ఈ గ్రామము మనకు దూరమైనది కాదు. జలదంకినుండి కావలి చేరి, అచ్చట ఉత్తరమునకు పోవు రైలెక్కినవారు దిగు ఒంగోలునకు సమీపముననే యున్నది. 1904వ సంవత్సరమున గుంటూరు జిల్లా యేర్పడువరకు ఒంగోలు తాలూకా మన నెల్లూరు జిల్లాలోనిదే. ఆమె తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్యగారు, తల్లి సరస్వతమ్మగారు. తండ్రి సంగీతప్రియుడు. ఆయనయే ఆమెకు తొలి గురువు. ప్రతిదినమును పాడించుట, తప్పు పోయినచోట మరల పాడించుట, ఇదియే ఆ యింటిలో బాల్యమున జరిగిన శిక్షణము.

అప్పటి నాటకరంగ మెట్టిదో విద్యార్థులకు కొంచెము చెప్పవలసియున్నది. ఆ కాలమున పెక్కు సమాజములలో స్త్రీవేషములను పురుషులే ధరించెడివారు. స్థానం నరసింహారావుగారు స్త్రీపాత్రలను ధరించుటలోనే దేశమంతట కీర్తి నొందిరి. మన పొరుగుననున్న కడప జిల్లాలోని సురభి గ్రామమున 1885వ సంవత్సరమున పుట్టిన సురభి నాటకసమాజము మాత్రము ఇందుకు భిన్నమైనది. అందు కుటుంబములే సమాజమై, స్త్రీలు స్త్రీపాత్రలను ధరించిరి. 1932వ సంవత్సరమున హెచ్. ఎమ్. రెడ్డిగారు తీసిన భక్తప్రహ్లాద తెలుగున మొదటి టాకీ, అనగా మాటలాడు చిత్రము. అందు లీలావతి వేషము వేసినది సురభి కమలాబాయి. తరతరములుగా కళనే జీవనముగా చేసికొన్న కుటుంబములవారే తొలి దినములలో ఎక్కువగా సినీమాలలో చేరిరి. ఇతర కుటుంబములవారు తమ కుమార్తెలను పంపుటకు వెనుదీసిరి.

అట్టి సమయమున వెంకటసుబ్బయ్యగారు తన కుమార్తెను పంపుట కంగీకరించెను. ఆమె మొదటి చిత్రము 1939వ సంవత్సరమున వచ్చిన వరవిక్రయము. దానికి దర్శకులు సి. పుల్లయ్యగారు. కాళ్లకూరి నారాయణరావుగారు వరకట్నదురాచారమును ఖండించుచు వ్రాసిన నాటకమే దానికి మూలము. అప్పటికి భానుమతికి పదునాలుగేండ్లు నిండలేదు. ఆమె ధరించినది కాళింది పాత్ర. డబ్బిచ్చి కొన్న వరునితో వివాహమునకు ఒడబడలేక ప్రాణములు తీసికొన్న బాలిక యీ కాళింది. వరకట్నమును నిషేధించు చట్టము 1961వ సంవత్సరమున వచ్చినది. అంతకు ఇరువది రెండేండ్లకు ముందే ఒక బాలిక తెరమీద నిలిచి ఆ దురాచారముయొక్క ఫలితమును జనులకు కన్నులకు గట్టినట్లు చూపెను. కట్నము ఇంకను మన యిండ్ల గడప దాటిపోలేదు గనుక ఈ సంగతి మనము గుర్తుంచుకొనదగినది.

ఆ తండ్రి తన కుమార్తెను పంపి ఊరకుండలేదు. తానును వెంట నుండెను. కథానాయకుడు తన కుమార్తెను తాకి నటింపరాదని నియమము పెట్టెనని చెప్పుదురు. నేటి పిల్లలకు ఇది వింతగా దోచవచ్చును. నియమము మంచిదా, చెడ్డదా యన్నది వేరు ప్రశ్న. మేము గమనింపగోరునది వేరొకటి. ఆయన యెదుట రెండు మార్గములు సులభముగా నుండెను. పిల్లను పోవలదని యాపుట యొకటి, ఎట్లైననేమి యని విడిచిపెట్టుట యొకటి. ఆయన ఈ రెంటిని విడిచి మూడవ మార్గమును పట్టెను. పనికి ఒప్పుకొనెను, పని యే నియమములతో జరుగవలెనో ముందుగా మాటలాడుకొనెను, దగ్గర నిలిచి చూచుకొనెను. కుమార్తె పెద్దదైన పిమ్మట తన నియమములను తానే పెట్టుకొనగలిగినదన్నచో, దానికి పునాది ఇచ్చటనే పడినదని మా యభిప్రాయము.

మాలతీమాధవము, ధర్మపత్ని, భక్తిమాల మొదలగు చిత్రముల తరువాత 1943వ సంవత్సరమున ఆమె కృష్ణప్రేమ యను చిత్రమున నటించెను. ఆ చిత్రమునకు సహాయదర్శకుడుగానున్న పి. ఎస్. రామకృష్ణారావుగారిని అదే సంవత్సరము ఆగస్టు 8వ తేదీన వివాహమాడెను. వివాహానంతరము సినీమాలను విడిచి గృహిణిగానే యుండవలెనని ఆమె తలంచెను. అయినను బి. ఎన్. రెడ్డిగారి స్వర్గసీమలో నటించుటకు పిలుపు రాగా, భర్త సమ్మతితో మరల రంగమునకు వచ్చెను.

1945వ సంవత్సరమున విడుదలయైన స్వర్గసీమ ఆమె కీర్తికి గట్టి పునాది వేసెను. వీథులలో ఆడిపాడుచుండిన యొక పడుచు నాటకరంగమునకెక్కి, ఒక గృహస్థుని సంసారమున చిచ్చుపెట్టిన కథ అది. కథానాయకుడు చిత్తూరు నాగయ్యగారు. మంచి స్త్రీ పాత్రలనే కోరుకొను నటీమణులున్న కాలమున ఆమె ఇట్టి పాత్రను ధరించి మెప్పించెను. పాత్రలోని చెడుగు వేరు, పాత్రను ధరించిన మనిషి వేరు అను భేదము జనులకు తెలిసివచ్చుటకు ఇట్టి చిత్రములు తోడ్పడినవి. అందలి పావురము పాట ఊరూరను మ్రోగెను.

ఇచ్చట సినీమా పాటనుగూర్చి విద్యార్థులు తెలిసికొనవలసిన సంగతి యొకటి కలదు. తొలి టాకీలలో నటించువారే పాడవలెను. కెమెరా తిరుగుచుండగానే మైకు ఎదుట పాడవలసియుండెను. వాద్యగాండ్రు కెమెరాకు కనబడకుండ పొదల చాటునను చెట్ల చాటునను కూర్చుండి వాయించెడివారు. ఒక్క స్వరము తప్పినను ఆ దృశ్యమంతయు మరల తీయవలసినదే. అందుచేత పాటరానివారికి పాత్ర దొరకుట కష్టముగా నుండెను. తరువాత పాటను ముందుగా రికార్డు చేసి, చిత్రము తీయునప్పుడు దానిని వినిపించి, నటీనటులచేత పెదవులు మాత్రము కదిలింపజేయు పద్ధతి వచ్చెను. దీనినే ప్లేబ్యాక్ అందురు. అప్పటినుండి పాడెడువారు వేరు, నటించెడువారు వేరు అయిరి. పెక్కుమంది నటీమణులు పాటను మానివేసిరి. భానుమతి మానలేదు. తన పాటలను తానే పాడుకొనెను. చిన్ననాట తండ్రి నేర్పిన విద్య ఆమెకు జీవితాంతము అక్కరకు వచ్చెను.

1947వ సంవత్సరమున ఆ దంపతులు తమ కుమారుని పేరుమీద భరణీ పిక్చర్సు అను సంస్థను స్థాపించిరి. పిమ్మట మద్రాసులోని సాలిగ్రామమున భరణీ స్టూడియోను కట్టిరి. వేషమునకింత యని జీతము పుచ్చుకొనుచుండిన నటి ఇప్పుడు పదిమందికి జీతములిచ్చు యజమానురాలయ్యెను. రత్నమాల, లైలామజ్నూ, ప్రేమ, చక్రపాణి, విప్రనారాయణ, బాటసారి మొదలగునవి ఆ సంస్థ చిత్రములు. వీనిలో 1954వ సంవత్సరపు విప్రనారాయణకు జాతీయ చలనచిత్ర పురస్కారములలో ప్రశంసాపత్రము లభించెను.

1951వ సంవత్సరమున వచ్చిన మల్లీశ్వరిని మన ప్రాంతపు పిల్లలు ప్రత్యేకముగా చూడవలెను. దీనిని తీసినవారును బి. ఎన్. రెడ్డిగారే. కథ శ్రీకృష్ణదేవరాయల కాలమునాటిది. గజపతులచేతిలోనున్న మన ఉదయగిరి దుర్గమును దీర్ఘకాలము ముట్టడించి 1514వ సంవత్సరమున పట్టుకొన్న ఆ రాయలే ఈ చిత్రమునందును కనబడుదురు. మల్లి, నాగరాజు అను బావామరదండ్రు ఒక పల్లెటూరివారు. నాగరాజు శిల్పి. వానకు సత్రమున తలదాచుకొన్న రాయలు మారువేషమున నుండగా, ఆయన యెవరో యెరుగని నాగరాజు, మల్లికి రాణివాసపు పల్లకి పంపించుడని వేళాకోళమునకు అడుగును. ఒకనాడు ఆ పల్లకి నిజముగానే వచ్చును. హాస్యముగా నన్న మాట ఇద్దరి బ్రతుకులను విడదీయును. మల్లిగా భానుమతి, నాగరాజుగా ఎన్. టి. రామారావుగారు నటించిరి. పాటలు దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు వ్రాయగా, సాలూరి రాజేశ్వరరావుగారు సంగీతము కూర్చిరి. ఈ చిత్రము చైనా దేశమునందును ప్రదర్శింపబడెను.

1953వ సంవత్సరమున ఆమె ఇంకొక మెట్టెక్కెను. చండీరాణి యను చిత్రమునకు తానే దర్శకత్వము వహించెను. తెలుగు చిత్రమునకు దర్శకత్వము వహించిన మొదటి స్త్రీ ఆమెయే యని చెప్పుదురు. అందు కవలపిల్లలైన ఇద్దరి పాత్రలను తానే ధరించెను. ఆ చిత్రమును తెలుగు, తమిళము, హిందీ భాషలు మూడింటను సిద్ధపరచెను. దర్శకత్వమనగా ఏమి? కథలోని ప్రతి దృశ్యమును మనస్సులో ముందుగా చూచుకొని, కెమెరా ఎక్కడ నుండవలెను, వెలుతు రెంత యుండవలెను, ఎవరు ఎప్పుడు మాటలాడవలెను అన్నియు నిర్ణయించి, పలువురచేత పని చేయించుట. ఇరువది యెనిమిదేండ్లు నిండకముందే ఆమె యీ భారమును మోసినది. ఆడువారికి ఆజ్ఞాపించుట చేతకాదను మాటకు ఇంతకంటె వేరు సమాధానము అక్కరలేదు.

ఇక మిస్సమ్మ సంగతి. పెండ్లికాని యిద్దరు, ఉద్యోగము కొరకు భార్యాభర్తలమని చెప్పి ఒక పల్లెటూరి బడిలో ఉపాధ్యాయులుగా చేరిన కథ యిది. కథానాయిక మేరీ క్రైస్తవ యువతి. మావంటి పంతుళ్ల కథ గనుక మా కిది మరింత ప్రీతికరము. ఈ పాత్రకు మొదట ఎన్నికైనది భానుమతి. కొన్ని రీళ్ల చిత్రీకరణముకూడ జరిగెను. ఒకనాడు ఆమె వ్రతము కారణముగా ఆలస్యముగా వచ్చెననియు, నిర్మాతలు క్షమాపణము వ్రాసి యిమ్మని కోరిరనియు, తాను ముందుగా తెలియజేసితిని గనుక వ్రాయనని ఆమె చిత్రమునే విడిచెననియు చెప్పుదురు. ఆ పాత్ర సావిత్రికి దక్కెను. 1955వ సంవత్సరమున చిత్రము విడుదలయై ఎంతటి కీర్తిని సంపాదించెనో అందరు నెరుగుదురు. ఆత్మగౌరవమునకు వెల యుండును. భానుమతి ఆ వెలను చెల్లించెను, పోయినదానికి విలపింపలేదు.

సావిత్రి పేరు చెప్పితిమి గనుక ఒక మాట చెప్పక తప్పదు. దేవదాసు, మిస్సమ్మ, మాయాబజారు చిత్రములలో ఆమె చూపిన నటనకు సాటి లేదు. ఆమెయు 1968వ సంవత్సరమున చిన్నారి పాపలు చిత్రమునకు దర్శకత్వము వహించెను. అయినను కడపటి సంవత్సరములలో ధనమును ఆరోగ్యమును కోల్పోయి, దీర్ఘకాలము స్పృహ లేక మంచమున బడి, 1981వ సంవత్సరము డిసెంబరు 26వ తేదీన మరణించెను. దీనికి కారణములు పెక్కు. వానిని విచారించి ఆమెను నిందించుట మా పని కాదు. ప్రతిభ యొక్కటియే మనిషిని కాపాడజాలదని మాత్రము ఈ రెండు జీవితములను ప్రక్కప్రక్కన పెట్టి చూచిన తెలియును. హితము కోరువారు చుట్టునుండవలెను, తన లెక్క తాను చూచుకొను తెలివి యుండవలెను, వలదని చెప్పగల ధైర్యముండవలెను. కుమార్తెలనుగూర్చి భయపడు తలిదండ్రుల భయములో నిజమున్నదని మేమును ఒప్పుకొందుము. ఆ భయమునకు మందు తలుపు మూయుట కాదని మాత్రమే మా మనవి.

భానుమతి తమిళచిత్రములలోను సమానమైన కీర్తి నొందెను. ఎమ్. జి. రామచంద్రన్‌గారితో ఆమె నటించిన మలైక్కళ్ళన్ 1954వ సంవత్సరమునను, అలీబాబా కథ 1956వ సంవత్సరమునను వచ్చినవి. కలము పట్టుటయందును ఆమె వెనుకబడలేదు. ఒక అత్తగారి ఛాదస్తమును కోడలు చెప్పుచున్నట్లుగా ఆమె వ్రాసిన అత్తగారి కథలు తెలుగు హాస్యసాహిత్యమున నిలిచినవి. అత్తాకోడండ్రనగానే కలహమే తోచు మనకు, ప్రేమతోకూడ నవ్వవచ్చునని ఆ కథలు తెలిపినవి. నాలో నేను అను పేర ఆత్మకథనుకూడ వ్రాసెను. 1982వ సంవత్సరమున బాలబాలికలచేతనే పాత్రలన్నియు వేయించి భక్త ధ్రువ మార్కండేయ చిత్రమును తీసెను. మద్రాసులోని ప్రభుత్వ సంగీత కళాశాలకు అధికారిణిగా పనిచేసెను. ఆ పట్టణమున ఒక పాఠశాలను స్థాపించెను.

వయస్సు మీరిన పిమ్మట పాత్రలు తగ్గిపోవుట నటీమణులందరకు వచ్చు కష్టము. ఆమె దానికి వెరవలేదు. 1984వ సంవత్సరమున మంగమ్మగారి మనవడు చిత్రమున నాయనమ్మగా నటించి, తన తొలిచిత్రమును చూచినవారి మనుమలచేతకూడ చప్పట్లు కొట్టించుకొనెను. భారత ప్రభుత్వము ఆమెను 1966వ సంవత్సరమున పద్మశ్రీతోను, 2001వ సంవత్సరమున పద్మభూషణముతోను గౌరవించెను. 2005వ సంవత్సరము డిసెంబరు 24వ తేదీన చెన్నపట్టణమున ఆమె మరణించెను.

విద్యార్థినులారా! ఈ చరిత్రను చదివి మీరందరు సినీమాలకు పోవలెనని మేము చెప్పుట లేదు. వేలమంది వెళ్లినచోట పేరు పొందువారు పదిమంది. మేము చెప్పునది వేరు. మీకు పాట వచ్చినచో పాటను, లెక్క వచ్చినచో లెక్కను, కుట్టుపని వచ్చినచో కుట్టుపనిని సంపూర్ణముగా నేర్చుకొనుడు. సగము నేర్చిన విద్య కష్టకాలమున విడిచిపోవును. ఒక విద్య వచ్చినదని తక్కినవానిని విడువకుడు. భానుమతి పాటతో ఆగియుండినచో నటియై యుండకపోవును, నటనతో ఆగియుండినచో యజమానురాలై యుండకపోవును.

తలిదండ్రులారా! వెంకటసుబ్బయ్యగారు చేసినదానిని ఒక్కసారి తలపునకు తెచ్చుకొనుడు. మీ పిల్ల యెచ్చట పాడుచున్నది, ఎవరితో ఆడుచున్నది, ఎన్నిగంటలకు ఇంటికి వచ్చుచున్నది యని అడుగుటకు మీకు పూర్తి యధికారము కలదు. వచ్చి అభ్యాసమును చూడుడు. మీ నియమములను మాకు చెప్పుడు, సబబైనవానిని తప్పక పాటింతుము. అంతేకాని ఆ పిల్ల కంఠమును మాత్రము మూయకుడు.

ఆ తొమ్మిదవ తరగతి బాలిక సంగతి చెప్పి ముగించెదము. వారముదినములు గడచిన పిమ్మట ఆమె తండ్రి మరల వచ్చి, వేషము వలదు గాని తెరవెనుకనుండి పాడుట కభ్యంతరము లేదని చెప్పెను. అట్లే యేర్పాటు చేసితిమి. వేషము ఇంకొక బాలిక వేసెను, పాట ఈమె పాడెను. మా చిన్న రంగస్థలమునకును ప్లేబ్యాక్ పద్ధతి వచ్చినదని ఉపాధ్యాయులము నవ్వుకొంటిమి. పాట ముగిసినంతనే జనులు చప్పట్లు కొట్టి, పాడినదెవరని యడుగసాగిరి. కడపటి వరుసలో కూర్చుండిన ఆ తండ్రి లేచి నిలిచి, "మా పిల్లే" యని చెప్పెను. ఈ సంవత్సరము నాటకమునకు పాత్రలను ఇంకను పంచలేదు. ఆయన యేమందురో చూడవలెను.